వినుకొండ బడిలో ఒక బాలుడు

మహాకవి గుఱ్ఱం జాషువా 1895 సెప్టెంబరు 28న నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య యాదవులు, తల్లి లింగమాంబ మాదిగ కులస్థురాలు. క్రైస్తవమును స్వీకరించిన ఆ ఇంటి బిడ్డకు కులమంటే ఏమిటో బడిలోనే తెలిసివచ్చింది. తోటి పిల్లలే కాదు, చదువు చెప్పవలసిన పంతుళ్లు సైతం హేళన చేసేవారు. ఆ బాలుడు తలవంచుకొని ఊరుకోలేదు, తిరగబడ్డాడు. అప్పటికి సేలం జిల్లాలో భాగమైన మన ధర్మపురి కూడా అదే మద్రాసు రాజధానిలోనిది. మన పల్లెల ముసలివారికి ఈ కథ కొత్త కాదు. 1957లో అమెరికాలోని లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులు సైనికుల రక్షణలో తెల్లవారి పాఠశాలలో అడుగుపెట్టారు. జాషువాకు ఆపాటి అండ కూడా లేదు.

వినుకొండలోనే ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఇతనిని లోపలికి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు. విచిత్రమేమంటే, హిందూ కథలు వ్రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు కూడా దూరం పెట్టారు. అయినా జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి వద్ద మేఘసందేశం, రఘువంశం చదువుకున్నారు. అటువంటి గురువు దొరకడం మన భాష చేసుకున్న పుణ్యం.

నెలకు మూడు రూపాయల మిషను బడి ఉద్యోగం పోయాక, 1915-16లో రాజమండ్రిలో మూగ సినిమాలకు కథ చదివి పొట్టపోసుకున్నారు. 1928 నుండి 1942 వరకు గుంటూరు ప్రభుత్వోన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. 1941లో ‘గబ్బిలం’ వెలువడింది. అంటరానివానికి గుడి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకే అతడు తన మొర దానితో శివునికి పంపుకుంటాడు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు.