మార్తా మాల్ట్ దొరసానమ్మ – లేసు పని పరిచర్య

మార్త అను పేరు వినగానే మనకు బేతనియ గ్రామములోని ఆ ఇల్లు జ్ఞాపకము వచ్చును. మరియ ప్రభువు పాదములయొద్ద కూర్చుండగా మార్త పనిలో తొందరపడినదని చెప్పి, ప్రసంగములలో ఆమెను కొంచెము తగ్గించుట మన అలవాటు. అయితే దక్షిణ ఇండియా సంఘ చరిత్రలో మరియొక మార్త కలదు. ఆమె నేర్పిన చేతిపని కొందరు బానిస పిల్లలకు విడుదల తెచ్చెను. ఆమెయే మార్తా మాల్ట్ దొరసానమ్మ.

ఆమె పని చేసినది నాగర్‌కోయిల్‌లో గదా, తాడిపత్రివారికి ఆమెతో సంబంధమేమి అని ఎవరైనను అడుగవచ్చును. మనకు ఒక ప్రక్క గుత్తి, మరియొక ప్రక్క జమ్మలమడుగు. ఈ రెండు చోట్లను పరిచర్య చేసిన లండన్ మిషనువారే 1810లో బళ్లారిలోను, 1822లో కడపలోను పని మొదలుపెట్టిరి. నాగర్‌కోయిల్ పని కూడ వారిదే. కాబట్టి మార్తమ్మ మనకు పరాయిది కాదు, ఒకే ఇంటి పెద్దమ్మ.

చార్లెస్ మాల్ట్ దొరగారు, మార్తమ్మగారు 1819 డిసెంబరులో నాగర్‌కోయిల్ చేరిరి. ఆ ఊరు అప్పుడు తిరువాన్కూరు సంస్థానములోనిది. 1956 నుండి తమిళనాడులోనిది. అక్కడ మీడ్ దొరసానమ్మగారు అదే సంవత్సరము ఆడపిల్లల బోర్డింగు పాఠశాల ప్రారంభించి యుండిరి. ఆడపిల్లకు చదువెందుకని ఊరంతయు నవ్వుచున్న దినములవి. పిల్లలను పంపుటకే తల్లిదండ్రులు జంకిరి. వచ్చినవారు మిక్కిలి బీదలు. వారిలో కొందరు బానిసల పిల్లలు. పొలముతోపాటు మనుష్యులను కూడ అమ్మి కొనుచున్న కాలమది. బానిస తల్లికి పుట్టిన బిడ్డ పుట్టుకతోనే యజమానుని సొత్తు.

ఇట్టి పిల్లకు అక్షరములు మాత్రము నేర్పిన చాలునా? బడి విడిచిన నాడు ఆమె మరల ఆ యజమానుని పొలమునకే పోవలెను గదా! ఈ ప్రశ్నకు మార్తమ్మ తన చేతులతో జవాబు చెప్పెను. ఇంగ్లాండులో డెవన్ ప్రాంతపు హానిటన్ లేసు పేరెన్నిక గన్నది. ఆ పనితనమును 1821లో ఆమె ఈ పిల్లలకు నేర్ప నారంభించెను.

ఇది మన ఇండ్లలో కొక్కెపు సూదితో అల్లు లేసు కాదు. ముందు గట్టిగా కూరిన దిండు కావలెను. దానిమీద రంధ్రములు పొడిచిన నమూనా పరచి, గుండుసూదులు గ్రుచ్చుదురు. సన్నని దారము చుట్టిన చిన్న చిన్న కర్ర కండెలను జతలు జతలుగా పట్టుకొని, ఒక దారమును మరియొక దారముమీదుగా దాటించుచు, మెలిపెట్టుచు పోవలెను. ఒక్క జత తప్పినను పువ్వు చెడును. చేతులు శుభ్రముగా లేనియెడల తెల్లదారము మాయును. ముట్టరానివని లోకము నెట్టివేసిన చేతులు ఆ తెల్లదారమును మాయకుండ నేసెను. ఆ లేసును దొరసానులు మక్కువతో కొనిరి.

వచ్చిన సొమ్ములో కొంత బడి ఖర్చులకు పోయెను. పని చేసిన పిల్లకు ఆమె కూలి ముట్టెను. ఆ కూలి కూడబెట్టి కొందరు పిల్లలు యజమానులకు వెల చెల్లించి తమ స్వాతంత్ర్యమును కొనుక్కొనిరి. తిరువాన్కూరులో బానిసత్వమును పూర్తిగా రద్దు చేసిన ప్రకటన 1855లో వెలువడెను. దానికి ఎన్నో ఏండ్లు ముందుగానే ఈ పిల్లలు దారముతో తమ విడుదల పత్రము వ్రాసికొనిరి.

అదే కాలములో స్త్రీల రవికె గురించి పెద్ద కలహము చెలరేగెను. తక్కువ కులములని పిలువబడిన స్త్రీలు రొమ్ము కప్పుకొనరాదని అక్కడి ఆచారము. మిషనెరీ దొరసానులు సంఘ స్త్రీలకు వదులైన కుప్పాయము కుట్టుకొనుట నేర్పిరి. దానిని తొడిగిన స్త్రీలను వీధులలో కొట్టిరి, బట్టలు చింపిరి. 1829లో కుప్పాయము వరకు అనుమతి దొరికినను, పై వస్త్రము విషయములో చాన్నారు స్త్రీలకు 1859 వరకు ఉత్తరువు రాలేదు. సూది పట్టుట కూడ ధైర్యముతో కూడిన పనియని దీనివలన తెలియుచున్నది.

మార్తమ్మ ముప్పై ఏండ్లకు పైగా అక్కడనే పని చేసెను. ఆమె కుమార్తె ఎలీజా నాగర్‌కోయిల్‌లోనే పుట్టి, తమిళము మాటలాడుచు పెరిగి, 1844లో రాబర్ట్ కాల్డ్‌వెల్ గారిని వివాహమాడెను. 1856లో ద్రావిడ భాషల వ్యాకరణము ప్రకటించి, తెలుగు, తమిళము ఒక కుటుంబపు భాషలని చూపిన పండితుడాయనే. ఎలీజమ్మ తల్లి నేర్పిన పనిని ఇడయంగుడిలో ఆడపిల్లలకు నేర్పెను. తరువాత బానిసత్వము పోయెను, పరిపాలనలు మారెను, లేసు పని మాత్రము తల్లినుండి బిడ్డకు సాగెను.

మన తెలుగునాట లేసు అనగానే నరసాపురము. అక్కడ 1844లో మెక్రే అను మిషనెరీ దంపతులు ఈ అల్లిక నేర్పిరని చెప్పుదురు. 2024లో ఆ లేసునకు భౌగోళిక గుర్తింపు కూడ లభించెను. సంతోషమే. కాని 1982లో మరియా మీస్ అను జర్మను విదుషీమణి నరసాపురపు అల్లికవారిని గూర్చి వ్రాసిన పుస్తకము మనలను ఆలోచింపజేయును. పగలంతయు అల్లిన స్త్రీ చేతికి వచ్చినది స్వల్పమైన కూలి, లాభము వర్తకులది. ఇంట కూర్చుండి అల్లునది పనియే కాదని, తీరిక వేళ కాలక్షేపమని అనిరి.

నాగర్‌కోయిల్‌లో పని విడుదల తెచ్చెను, నరసాపురములో తేలేకపోయెను. దారము ఒక్కటే, వ్రేళ్ల నేర్పు ఒక్కటే. తేడా ఎక్కడ? సొమ్ము ఎవరి చేతికి ముట్టినదన్న దానిలోనే ఉన్నది.

మనది వాన నమ్మలేని సీమ. వేరుసెనగ ఎండిపోయిన యేట కూడ సూది పని చేయును. మన వైపు గొర్రె ఉన్ని వడకి కంబళ్లు నేయుట తరతరములుగా ఉన్న విద్య. చేతిపని మనకు క్రొత్త కాదు. కాబట్టి మన స్త్రీల సమాజములు కుట్టు, అల్లిక నేర్పునప్పుడు మార్తమ్మను తలంచుకొనవలెను. నమూనా నేర్పిన దినముననే లెక్క వ్రాయుట కూడ నేర్పుదము. దారపు వెల ఎంత, పట్టిన గంటలెన్ని, అమ్మిన ధర ఎంత అని ఆ చెల్లెలు తానే వ్రాసికొనవలెను. కూలి ఆమె చేతిలోనే పడవలెను.

బేతనియ మార్త ఇంటికి ప్రభువు విందుకు వచ్చెను. దిండుమీద వంగి కండెలు త్రిప్పుచున్న బానిస పిల్లల ప్రక్కను కూడ ఆయన కూర్చుండెనని మనము నమ్ముదము.