జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడైన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) తమిళనాడులోని కోయంబత్తూరుకు చెందిన ఆవిష్కర్త, మోటారు రవాణా వ్యాపారి, సాంకేతిక విద్యా ప్రచారకుడు. ఇతనిని భారతదేశపు ఎడిసన్ అని పిలుస్తారు. బడి చదువు అంతగా లేని ఈ తెలుగు బిడ్డ యంత్రాలను విప్పి, బిగించి, వాటి గుణదోషాలను స్వయంగా తెలుసుకొన్నాడు. వాహనాన్ని కొనడంకంటే దానిని చక్కగా నడిచే స్థితిలో ఉంచుకోవడమే కష్టమైన రోజులలో ఇతడు మోటారు రంగంలో ప్రవేశించి రాణించాడు.

బాల్యం

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో వ్యవసాయం చేసుకొనే తెలుగు కుటుంబంలో జన్మించాడు. చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయింది. యువకుడుగా ఉన్నప్పుడు ఒక ఆంగ్లేయ అధికారి నడుపుతున్న రడ్జ్ మోటారు సైకిలును చూసి ఆశ్చర్యపోయాడు. గుర్రమూ ఎద్దూ లేకుండా బండి నడవడం ఇతని మనసును ఆకట్టుకొన్నది. అటువంటి బండిని తానూ సంపాదించాలని కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా పనిచేస్తూ డబ్బు కూడబెట్టాడు. చివరకు 300 రూపాయలకు ఆ మోటారు సైకిలునే కొన్నాడు. కొన్న తరువాత చేసిన మొదటి పని దాని భాగాలన్నీ విప్పి, మరల యథాతథంగా బిగించడం. ఇతనికి ఇంజనీరింగు పాఠశాల అదే.

మోటారు రవాణా

కొంతకాలం మెకానిక్కుగా పనిచేసిన నాయుడు 1920లో కోయంబత్తూరులోని ఆంగ్లేయ వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ సహాయంతో ఒక బస్సును సమకూర్చుకొన్నాడు. పొళ్ళాచ్చి, పళని పట్టణాల మధ్య దానిని తానే నడిపాడు. ఇదే యూనివర్సల్ మోటారు సర్వీసుకు నాంది. కొద్ది సంవత్సరాలలోనే ఈ సంస్థ పెద్ద సంఖ్యలో బస్సులు నడిపే స్థాయికి ఎదిగి, క్రమబద్ధమైన సేవకు పేరు తెచ్చుకొన్నది.

ఆనాటి వాహనాల నిర్వహణ

ఆ కాలపు బస్సును వేళకు నడపడం ఎంత కష్టమో గ్రహించాలంటే అప్పటి ఇంజన్లు ఎలా చల్లబడేవో తెలియాలి. ఇంధనం మండినపుడు పుట్టే వేడిలో కొంత భాగమే చక్రాలను తిప్పుతుంది. మిగిలిన దానిలో చాలా భాగాన్ని ఇంజను గోడల చుట్టూ ఉండే నీరు గ్రహించి రేడియేటరుకు చేరుస్తుంది. 1886 నాటి బెంజ్ బండిలో నీరు మరిగి ఆవిరై పోయేది, తరచుగా కొత్త నీరు పోయవలసి వచ్చేది. 1888లో బెర్తా బెంజ్ చేసిన మొదటి దూర ప్రయాణంలో దారి పొడవునా నీరు పోసుకొంటూనే వెళ్ళింది. 1900 ప్రాంతంలో జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టు ఆకారపు రేడియేటరును రూపొందించడంతో తక్కువ నీటితోనే ఇంజను చల్లబడసాగింది.

ఫోర్డు మోడల్ టి వంటి కార్లలో చాలావరకు నీటి పంపు కూడా ఉండేది కాదు. వేడెక్కిన నీరు తేలికై పైకి లేచి రేడియేటరు పై తొట్టిలోకి పోతుంది. అక్కడ గాలికి చల్లబడి బరువెక్కి, కింది గొట్టం ద్వారా తిరిగి ఇంజనులోకి వస్తుంది. ఈ పద్ధతిలో నీటి మట్టం పై గొట్టం నోటికన్నా దిగిపోతే ప్రసరణ ఆగిపోతుంది. రేడియేటరులో ఇంకా నీరు ఉన్నా ఇంజను వేడెక్కిపోతుంది. కనుక బయలుదేరే ముందు నీటి మట్టం చూసుకోవడం డ్రైవరు మొదటి విధి.

రెండవ చిక్కు నీటి స్వభావం. దర్శి, పొదిలి వంటి మెట్ట ప్రాంతాల ఇళ్ళలో బోరు నీరు కాచే గిన్నెల అడుగున తెల్లని పొర కట్టడం చూస్తుంటాము. అటువంటి నీటిని పోస్తే రేడియేటరు సన్నని గొట్టాలలోనూ అదే పొర పేరుకొంటుంది. ఆ పొర వేడిని బయటకు పోనివ్వదు, దారినీ మూసివేస్తుంది. అందువలన వాన నీరు గాని బట్టీ పట్టిన నీరు గాని వాడేవారు. మడ్డి చేరినప్పుడు నీటిని మామూలు దారికి ఎదురుగా, కింది నుండి పైకి పంపి కడిగేవారు. పంకా బెల్టు వదులైనా, రబ్బరు గొట్టం లోపల ఉబ్బినా ఇంజను మరిగిపోతుంది. మరిగిన ఇంజనులో వెంటనే చన్నీళ్ళు పోస్తే పోత ఇనుము పగిలే ప్రమాదమున్నది. వేడిగా ఉండగా మూత తీస్తే ఆవిరి ఎగజిమ్మి ఒళ్ళు కాలుతుంది.

ఒక బస్సు దారిలో నిలిచిపోతే ఆనాటి ప్రయాణికులకు వేరే ఆధారం ఉండేది కాదు. విడి భాగాలు విదేశాల నుండి రావలసి ఉండేది. కనుక యంత్రం చెడకుండా కాపాడటం, చెడితే కారణం కనుగొనడం తెలిసినవాడే ఈ వ్యాపారంలో నిలువగలిగాడు. నాయుడు తన మోటారు సైకిలుతో నేర్చిన విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది.

ఆవిష్కరణలు

రవాణా రంగంలో స్థిరపడిన తరువాత నాయుడు జర్మనీ మొదలైన దేశాలు పర్యటించి పరిశ్రమలను పరిశీలించాడు. బ్యాటరీతో పనిచేసే రాసంట్ అనే విద్యుత్ క్షవర యంత్రాన్ని, పలుచని బ్లేళ్ళను, పండ్ల రసం తీసే యంత్రాన్ని, కిరోసిన్‌తో తిరిగే పంకాను, మోసానికి తావులేని ఓటు నమోదు యంత్రాన్ని రూపొందించాడు. పీలమేడులోని ఇతని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుండి 1937లో దేశీయమైన తొలి విద్యుత్ మోటారు వెలువడింది. దానిని తయారుచేసిన డి.బాలసుందరం నాయుడు తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు. వ్యవసాయంలోనూ నాయుడు పత్తి, బొప్పాయి మొక్కలపై ప్రయోగాలు చేశాడు.

రెండు వేల రూపాయల కారు

1952లో నాయుడు ఇద్దరు కూర్చొనగలిగే పెట్రోలు కారును తయారుచేశాడు. దాని ధర సుమారు 2,000 రూపాయలు మాత్రమే. కారు ధనవంతుల వస్తువుగా ఉన్న ఆ రోజులలో ఇది సామాన్యునికి అందగల బండి. కాని 1951 నాటి పరిశ్రమల చట్టం ప్రకారం ఉత్పత్తికి ప్రభుత్వ లైసెన్సు కావలసి ఉండేది. అది లభించకపోవడంతో ఆ కారు ఉత్పత్తి ఆగిపోయింది. తక్కువ ఖరీదు కారు అనే ఆలోచన దేశంలో కార్యరూపం ధరించడానికి తరువాత దశాబ్దాలు పట్టింది.

సాంకేతిక విద్య

నాయుడు కృషి ఫలితంగా కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, 1945లో ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. ఆ కళాశాలే నేటి కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. నాలుగేళ్ళ కోర్సు కాలయాపన అని, పని చేస్తూ నేర్చుకొంటే రెండేళ్ళు చాలునని నాయుడు భావించాడు. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో తన పదవి నుండి తప్పుకొన్నాడు. చేతులతో నేర్చిన విద్యపై ఇతనికున్న నమ్మకానికి ఇది నిదర్శనం.

మరణం, స్మృతి చిహ్నాలు

నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. 1967లో నెలకొల్పిన ఇతని పారిశ్రామిక ప్రదర్శనశాల కోయంబత్తూరులో ఉన్నది. కుటుంబం సేకరించిన పాత కార్లతో 2015లో అక్కడే గీడీ కారు మ్యూజియం ప్రారంభమైనది. 2025లో ప్రారంభమైన కోయంబత్తూరు అవినాశి రోడ్డు పైవంతెనకు ఇతని పేరు పెట్టారు. మ్యూజియంలోని పాత కార్లను చూసే విద్యార్థి వాటి బానెట్ల కింద ఉన్న రేడియేటర్లను కూడా పరిశీలిస్తే, నాయుడు ఏ విద్యతో జీవితం ప్రారంభించాడో సులభంగా అర్థమవుతుంది.