క్లబ్బు పెట్టిన కుర్రవాడు – హాన్స్ గాంపర్

బార్సిలోనా ఫుట్‌బాల్ జట్టు పేరు వినని విద్యార్థి మన కాలేజీలో ఉండడు. పెద్ద మ్యాచ్ ఉన్న రాత్రి హాస్టల్లో ఎవరికీ నిద్ర ఉండదు. కాని ఆ జట్టు పుట్టుకకు కారకుడు స్పెయిన్ దేశస్థుడు కాదనీ, స్విట్జర్లాండు నుంచి వచ్చిన ఒక లెక్కల గుమాస్తా అనీ ఎంతమందికి తెలుసు? అంతకు మూడేళ్ల ముందే తన దేశంలో ఒక చిన్న క్లబ్బు పెట్టి చెయ్యి తిరిగినవాడు ఆయన. పేరు హాన్స్ గాంపర్.

గాంపర్ 1877 నవంబరు 22న వింటర్‌తూర్ పట్టణంలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లి క్షయవ్యాధితో పోయింది. కుటుంబం జూరిచ్ నగరానికి చేరింది. సైకిలు, పరుగు, టెన్నిస్, రగ్బీ, ఫుట్‌బాల్ – కుర్రవాడికి ఏ ఆట దొరికితే ఆ ఆటే. ఆ రోజుల్లో అక్కడ ఫుట్‌బాల్ అంటే ఇంగ్లీషువాళ్ల వెంట వచ్చిన కొత్త వింత. క్లబ్బు అంటే పదిహేనుమంది కుర్రాళ్లు, ఒక బంతి, అంతే. ఇవాళ పుట్టి రేపు మాయమయ్యేవే ఎక్కువ. గాంపర్ అలాంటి ఎక్సెల్సియర్ అనే చిన్న క్లబ్బులో ఆడాడు. 1896లో అక్కడినుంచి కొందరు, మరి రెండు చిన్న క్లబ్బులనుంచి కొందరు విడివడి వచ్చి ఎఫ్.సి. జూరిచ్ స్థాపించారు. వాళ్లలో గాంపర్ ముఖ్యుడు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు! మనమైతే ఇంటర్ మార్కుల కోసం ఎదురుచూసే వయసు అది. ఆ క్లబ్బు 1902లో స్విట్జర్లాండు ఛాంపియన్ అయింది. చూడడానికి గాంపర్ అక్కడ లేడు.

1898లో ఆయన బార్సిలోనాలో ఉన్న బంధువు ఇంటికి వచ్చాడు. అక్కణ్ణుంచి ఆఫ్రికా వెళ్లి చక్కెర వ్యాపారం చేద్దామని ఉద్దేశమట. ఊరు నచ్చింది, ఆగిపోయాడు. క్రెడి లియోనె బ్యాంకులోనూ, సర్రియా రైల్వే కంపెనీలోనూ లెక్కలు రాశాడు. స్విస్ పత్రికలకు ఆటల వార్తలు పంపాడు. ఉద్యోగం దొరికింది గాని ఆడుకోవడానికి జట్టు లేదు. ఏం చేశాడు? 1899 అక్టోబరు 22న 'లోస్ దెపోర్తెస్' అనే పత్రికలో, ఫుట్‌బాల్ ఆడదలచినవారు రావలసిందని చిన్న ప్రకటన వేయించాడు. నవంబరు 29న సోలే వ్యాయామశాలలో పన్నెండుమంది కూడారు. స్విస్‌వాళ్లు, ఇంగ్లీషువాళ్లు, జర్మన్లు, స్థానిక క్యాటలన్లు. అందరిలోకీ పెద్దవాడని వాల్టర్ వైల్డ్ అనే స్విస్ దేశస్థుణ్ణి అధ్యక్షుణ్ణి చేశారు. గాంపర్ కెప్టెన్. మొదటి మ్యాచ్ డిసెంబరు 8న, ఆ ఊళ్లో ఉండే ఇంగ్లీషువాళ్ల మీద ఆడి ఒక గోల్ తేడాతో ఓడిపోయారు. తరువాత 1903 వరకు గాంపర్ ఒక్కడే వందకు పైగా గోల్స్ కొట్టాడు.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ గోల్స్ కాదు, 1908వ సంవత్సరం. క్లబ్బు చచ్చిపోయే స్థితికి వచ్చింది. మిగిలిన సభ్యులు 38 మంది. మూసేద్దామన్న మాటా వచ్చింది. అప్పుడు గాంపర్ అధ్యక్ష పదవి తీసుకున్నాడు. ఎండిపోయిన చేలో మళ్లీ పెట్టుబడి పెట్టడం ఎంత తెగువో రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మరుసటి ఏడే, 1909లో, ఆరువేలమంది పట్టే సొంత మైదానం తయారైంది. స్థలం చాలక జనం ప్రహరీగోడ ఎక్కి కూర్చునేవారు. వీధిలో పోయేవాళ్లకు వాళ్ల వెనకభాగాలే కనిపించేవి. ఆ క్లబ్బు అభిమానులకు నేటికీ 'కులే' అనే పేరు అందుకే వచ్చిందంటారు. (మన కాలేజీ గ్రౌండు గోడెక్కేవాళ్లకు ఇంకా పేరు పెట్టలేదు.) 1910లో స్పెయిన్ రాజు కప్పు గెలిచారు. గాంపర్ అయిదు విడతలుగా అధ్యక్షుడయ్యాడు. 1922లో ఇరవైవేలమంది పట్టే లెస్ కోర్ట్స్ స్టేడియం కట్టించాడు. ఈలోగా క్యాటలన్ నేర్చుకుని హాన్స్ కాస్తా జువాన్ అయ్యాడు. పొట్టకూటి కోసం వచ్చి ఆ ఊరి భాషను తన భాష చేసుకున్నవాడంటే నాకు గౌరవం.

ఆ భాషాభిమానమే చివరికి ముప్పు తెచ్చింది. 1923లో స్పెయిన్‌లో ప్రిమో ద రివేరా నియంతృత్వం వచ్చింది, క్యాటలన్ భాష మీద ఆంక్షలు పడ్డాయి. 1925 జూన్ 14న లెస్ కోర్ట్స్‌లో ఒక బ్రిటిష్ బ్యాండు స్పెయిన్ జాతీయగీతం వాయిస్తే ప్రేక్షకులు ఈలలు వేసి గేలి చేశారు. ఇంగ్లండు గీతానికి చప్పట్లు కొట్టారు. ప్రభుత్వం మైదానానికి ఆరు నెలలు తాళం వేసింది. తరువాత దాన్ని మూడు నెలలకు తగ్గించారు. గాంపర్ పదవి వదులుకుని దేశం విడవవలసివచ్చింది. కొంతకాలానికి రానిచ్చారు, కాని క్లబ్బు వ్యవహారాల్లో తలదూర్చకూడదని షరతు! తాను కట్టించిన స్టేడియం అదే ఊళ్లో ఉంది, దాని బాగోగుల్లో తనకు పాత్ర లేదు. ఈలలు వేసింది వేలమంది, శిక్ష పడింది ఒక్కడికి. ఇది ఏ న్యాయమో నాకు ఎంత ఆలోచించినా బోధపడదు.

1929లో ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభంలో పడింది. గాంపర్ డబ్బు పోయింది, మనసు కుంగిపోయింది. 1930 జూలై 30న తన ప్రాణం తానే తీసుకున్నాడు. యాభైరెండేళ్లు. అంత్యక్రియలకు జనం పెద్ద సంఖ్యలో వచ్చారు.

1966 నుంచి బార్సిలోనా క్లబ్బు సీజను మొదలయ్యేముందు ఆయన పేరిట ఒక ట్రోఫీకి ఆడుతోంది. 2006లో తెరిచిన శిక్షణ కేంద్రానికీ ఆయన పేరే పెట్టారు. అటు జూరిచ్‌లో, పద్దెనిమిదేళ్లప్పుడు స్నేహితులతో కలిసి పెట్టిన ఆ మొదటి క్లబ్బూ ఇంకా ఆడుతూనే ఉంది.