స్ప్రూ జబ్బును వదలని మన ఎల్లాప్రగడ

జీవశాస్త్రం రికార్డులో ఆంత్రచూషకాల బొమ్మ మనమందరం గీసినవాళ్లమే. చిన్నపేగు లోపలి గోడపై మఖమల్ గుడ్డ నూగులా ఉండే ఇవి సుమారు మిల్లీమీటరు పొడవుంటాయి. వాటిపై ఒకే వరుసగా పరుచుకున్న కణాలు నాలుగైదు రోజులకే రాలిపోయి కొత్తవి వస్తాయి. తిన్నది ఒంటికి పట్టేది వీటివల్లనే. స్ప్రూ జబ్బులో ఈ చూషకాలు పొట్టివైపోతాయి. ఎంత తిన్నా మనిషి చిక్కిపోతాడు, రక్తం తగ్గిపోతుంది.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరిని కొద్దిరోజుల తేడాలో పొట్టన పెట్టుకున్నది ఈ జబ్బే. ఆయనకూ సోకితే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికారు.

మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదాయన. (సప్లిమెంటరీ రాసే మన మిత్రులు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవాలి!) మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. దక్కక ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. అమెరికా వెళ్లి, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు.

1940లో లెడర్లీ కంపెనీలో చేరాక 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కొత్త కణాలు పుట్టాలంటే అది ఉండాల్సిందే. ఆయన నడిపిన పరిశోధనలోనే 1948లో టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే, న్యూయార్క్‌లో కన్నుమూశారు. మళ్లీ ఇంటికి రానేలేదు.

ఉష్ణదేశాల స్ప్రూకు నేటికీ డాక్టర్లు రాసేది ఫోలిక్ ఆమ్లం, దానితోపాటు టెట్రాసైక్లిన్.