ఆదర్శోపాధ్యాయులు గిడుగు రామమూర్తి పంతులుగారు

బతకలేక బడిపంతులు అనే సామెత తెలుగునాట చిరకాలంగా వాడుకలో ఉన్నది. వేరు ఉద్యోగం దొరకనివాడు, దొరికినా నిలుపుకోలేనివాడు, గత్యంతరం లేక పిల్లలకు ఓనమాలు దిద్దించి పొట్ట పోసుకుంటాడని ఆ సామెత తాత్పర్యం. జీతం స్వల్పం, శ్రమ అధికం, గౌరవం మాటలకే పరిమితం అయిన రోజులలో ఇటువంటి సామెత పుట్టడంలో వింత లేదు. అయితే పదిహేడేళ్ల ప్రాయంలో బడిపంతులుగా చేరి, ఒక్క ఊరిలోనే మూడు దశాబ్దాలు బోధన సాగించి, ఆ బడిలో తమకు ఎదురైన ప్రశ్నలకే జీవితమంతా ధారపోసి, తెలుగుజాతి చదువు తీరునే మార్చిన మహనీయులొకరు కలరు. వారే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

పంతులుగారు 1863వ సంవత్సరం ఆగస్టు 29వ తేదీన, శ్రీకాకుళానికి ఉత్తరంగా వంశధారా నదీతీరాన గల పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఉన్నంతలో లోటు లేకుండా సాగుతున్న ఆ సంసారం మీద 1875లో పిడుగు పడినది. చోడవరానికి బదిలీ అయి వెళ్లిన వీర్రాజుగారు అక్కడ జ్వరపీడితులై మరణించారు. అప్పటికి రామమూర్తిగారికి పన్నెండేళ్లు. మేనమామగారి ఆశ్రయంలో చదువు కొనసాగినది. విజయనగరం మహారాజావారి పాఠశాలలో చదివిన ఆ రోజులలోనే గురజాడ అప్పారావుగారు వారికి సహాధ్యాయులైనారు. బాల్యంలో కుదిరిన ఆ స్నేహం తరువాతి కాలంలో తెలుగుభాష చరిత్రను మలుపు తిప్పగలదని అప్పుడు ఎవరు ఊహించగలరు?

1879లో మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణులైనారు. ఆ కాలంలో ఆ పరీక్ష ప్యాసైన యువకునికి కచేరీల ద్వారాలు తెరిచే ఉండేవి. రెవెన్యూ శాఖలోనో న్యాయస్థానంలోనో గుమాస్తాగా చేరి, క్రమక్రమంగా పై హోదాలకు ఎగబాకినవారు ఎందరో కలరు. తండ్రి నడచిన త్రోవ కూడా అదే. కాని రామమూర్తిగారు 1880లో, అప్పటి చెన్నరాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన పర్లాకిమిడిలో, రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. నెలకు 30 రూపాయల జీతం. ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర బోధించడం వారి పని.

కుటుంబభారం మోయవలసినవారికి తొలి ఉద్యోగం అవసరం కొద్దీ లభించినదే కావచ్చును. చేరిన పిదప దానిని విడువక నిలవడంలోనే మనిషి సంకల్పం తెలియవస్తుంది. పంతులుగారు చేరినంతనే తమ చదువు ముగిసినదని భావించలేదు. పగలు పిల్లలకు పాఠాలు చెప్పుతూ, మిగిలిన వేళలలో తాము పాఠాలు చదువుకుంటూ 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తి చేశారు. బడిలో చేరిన పదహారేళ్లకు పట్టం చేతికి వచ్చినదన్నమాట. పట్టభద్రులైన పిమ్మట మరొక కొలువు వెదుక్కోవడం లోకరీతి. పంతులుగారు పర్లాకిమిడిలోనే ఉండిపోయారు. రాజావారి పాఠశాల కళాశాల కాగా, పై తరగతులకు కూడా పాఠాలు చెప్పే అవకాశం వారికి కలిగినది.

చరిత్ర బోధించేవారు పుస్తకంలోని మాటను వల్లె వేయించి ఊరుకోవచ్చును. పంతులుగారికి అది తృప్తి కలిగించలేదు. పర్లాకిమిడికి సమీపంలోనే ముఖలింగ క్షేత్రం కలదు. అక్కడి ఆలయాలలో గోడల మీదా స్తంభాల మీదా ప్రాచీన శాసనాలు చెక్కబడి ఉన్నవి. వాటిని చదవడం నేర్పే గురువు లేకున్నా పంతులుగారు స్వయంకృషితో పాతలిపులు అభ్యసించి, ఆ శాసనాలను తామే చదివారు. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల చరిత్రను పరిశోధించి వ్యాసాలు ప్రకటించారు. పిల్లలకు చెప్పవలసిన విషయాన్ని ముందు తాము మూలం నుండి తెలుసుకొనాలనే నియమం వారికి అప్పటినుండే అలవడినది.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగు, ఒరియా భాషలకు చెందినది కాదు. ముండా కుటుంబానికి చెందిన వేరొక భాష. సంతలకు దిగి వచ్చిన సవరలు కొనుబడి అమ్మకాలలో ఎదుటివారి మాట తెలియక మోసపోవడం ఆ ప్రాంతంలో నిత్యం కానవచ్చే విషయం. వారి పిల్లలకు బడి లేదు. బడి పెట్టినా వారి భాషలో పాఠం చెప్పగల ఉపాధ్యాయుడు లేడు, పుస్తకం లేదు. బడిలోకి వచ్చిన పిల్లలకు చెప్పడంతో తమ విధి తీరినదని పంతులుగారు అనుకొనలేదు. బడికి రాలేని పిల్లలను గూర్చి కూడా ఆలోచించారు. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒకరిని తమ ఇంటిలోనే ఉంచుకొని, అతనికి అన్నం పెట్టి, అతని వద్ద శిష్యులై సవరభాష నేర్చుకున్నారు. లిపి లేని ఆ భాషను అక్షరబద్ధం చేసి వాచకాలు, కథల పుస్తకాలు, పాటల పుస్తకాలు, నిఘంటువులు సిద్ధపరచారు. సొంత సొమ్ముతో సవర పిల్లలకు బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు తామే చెల్లించారు. బడిపంతులు జీతంలో నుండి మరికొందరు బడిపంతులకు జీతాలిచ్చిన సంసారం ఎంత పొదుపుగా సాగినదో ఊహించుకోవచ్చును.

ఈ కృషికి పంతులుగారు చెల్లించిన మూల్యం ధనం మాత్రమే కాదు. మన్యం ప్రాంతాలలో తిరిగే రోజులలో వారికి మలేరియా జ్వరం సోకినది. జ్వరం తగ్గడానికి వాడిన క్వినైను వారి చెవులను దెబ్బతీసినది. వినికిడి లోపం జీవితాంతం వారిని వెన్నంటి ఉన్నది. మాటలోని ధ్వనిభేదాన్ని పట్టుకోవడమే భాషాశాస్త్రవేత్తకు ప్రధాన సాధనం. శిష్యుని సందేహాన్ని వినడం ఉపాధ్యాయునికి నిత్యావసరం. అట్టి చెవులే దెబ్బతిన్నా పంతులుగారు సవరభాషా పరిశ్రమను మానలేదు, బోధననూ మానలేదు.

1911లో చెన్నపట్నం ప్రభుత్వంవారు సవర పుస్తకాలను ప్రకటించి, పంతులుగారికి పారితోషికం ఇవ్వదలచారు. వారు దానిని స్వీకరించలేదు. ఆ సొమ్ముతో సవరలకు ఒక మంచి బడి పెట్టవలసినదనీ, దాని పర్యవేక్షణ తామే చూసుకోగలమనీ కోరారు.

ఇంతలో తెలుగు బడులలోని మరొక చిక్కు వారి దృష్టిని ఆకర్షించినది. 1907లో యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు పిల్లలు ఇంట మాటాడే భాష ఒకటి, బడిలో వ్రాయవలసిన భాష మరొకటి కావడం చూసి ఆయన ఆశ్చర్యపడి, దీనికి కారణం ఏమిటని విచారించాడు. విశాఖపట్నంలో కళాశాల అధ్యక్షులుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు, ఇందుకు సమాధానం చెప్పగలవారు గురజాడ, గిడుగులేనని ఆయనకు సూచించారు. చిరకాలంగా తరగతి గదిలో పిల్లల అవస్థ కన్నులారా చూసిన పంతులుగారికి ఆ ప్రశ్న కొత్తది కాదు. సవర బాలునికి సవరభాషలో చదువు చెప్పాలని పాటుపడినవారు, తెలుగు బాలునికి సజీవమైన తెలుగులో చదువు చెప్పాలనడం సహజమే.

1911లో పంతులుగారు ఉద్యోగవిరమణ చేశారు. ముప్పదియొక్క సంవత్సరాల సేవ తరువాత విశ్రాంతికి వారు అర్హులే. కాని వారి జీవితంలో అతికఠినమైన ఘట్టం అప్పుడే ప్రారంభమైనది. స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని 1912–13లో ఉత్తరువు వెలువడినది. పండితలోకం భగ్గుమన్నది. ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షాన జయంతి రామయ్య పంతులుగారు మొదలైన ఉద్దండులు ప్రతిఘటించారు. ఆ ప్రతిఘటన ధాటికి వ్యావహారికానికి లభించిన అనుమతి నిలువలేదు. 1915 నవంబరులో గురజాడవారు అస్తమించారు. చిననాటి మిత్రుడూ సహయోధుడూ అయినవారు లేకుండానే పంతులుగారు పోరు సాగించవలసి వచ్చినది.

వారు ఈ వాదాన్ని నడిపిన తీరులో కూడా ఉపాధ్యాయుడే కానవస్తారు. ప్రాచీన కావ్యాలను చదువవద్దని వారు ఎన్నడూ అనలేదు. వాటిలో వారికి గల పాండిత్యం ప్రతిపక్షులు సైతం ఒప్పుకొన్నదే. నేటి విషయాన్ని నేటివారికి చెప్పే వచనం నేటి శిష్టుల వాడుకలో ఉండాలన్నదే వారి వాదం. గ్రాంథికం వ్రాయాలని శాసించే పండితుల రచనలలోనే ఆ వ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలు ఎన్ని దొర్లుతున్నవో ఉదాహరణలతో ఎత్తి చూపారు. పండితులకే పట్టుబడని భాషను పసిపిల్లల నెత్తిన రుద్దడం న్యాయమా అన్నదే దాని సారాంశం. ఊరూరా తిరిగి సభలలో ఉపన్యసించారు. 1919లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులుగా, తాము కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం వెలసినది. ఆ సంవత్సరమే తెలుగు అనే పేరుతో మాసపత్రిక నడిపారు. అది ఒక ఏడాదితో ఆగిపోయినా వారి ఉద్యమం ఆగలేదు. తుదకు 1924లో కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తే వ్యావహారికంపై నిషేధాన్ని తొలగించినది.

సవరల పని ఈ పోరాటం నడుమ కూడా మరుగున పడలేదు. ముప్పది సంవత్సరాలకు పైబడిన కృషికి ఫలితంగా సవరభాషా వ్యాకరణం 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. నిఘంటువు అచ్చయ్యేనాటికి పంతులుగారు డెబ్బదియైదవ ఏట ఉన్నారు. 1934లో ప్రభుత్వంవారు కైజర్–ఇ–హింద్ పతకం ఇచ్చి గౌరవించారు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరినది. తెలుగువారు అధికంగా ఉన్న ఆ పట్టణాన్ని తెలుగుదేశం నుండి వేరుచేయడం పంతులుగారు సహించలేకపోయారు. యాభైయారేళ్లు తమకు ఇల్లూ బడీ అయిన ఊరిని, ఆ ప్రారంభోత్సవం నాడే విడిచి రాజమహేంద్రవరం చేరారు. డెబ్బది దాటిన వయస్సులో స్థిరపడిన చోటు విడవడం ఎంత బాధాకరమో చెప్పనక్కరలేదు. అక్కడ శేషజీవితం గడిపి, 1940 జనవరి 22వ తేదీన చెన్నపట్నంలో కన్నుమూశారు.

పంతులుగారు కోరిన మార్పు సంపూర్ణంగా నెరవేరడం వారు చూడలేదు. తరువాతి దశాబ్దాలలో పత్రికలు, పాఠ్యపుస్తకాలు, విశ్వవిద్యాలయాలు క్రమక్రమంగా శిష్టవ్యావహారికాన్ని స్వీకరించినవి. వారి జన్మదినం ఆగస్టు 29 నేడు తెలుగుభాషా దినోత్సవంగా జరుపబడుతున్నది. గ్రంథాలయంలో అడుగిడిన రైతుబిడ్డ ఎవరి సహాయమూ లేకుండా తనంత తాను ఒక పుస్తకం తెరిచి చదువుకోగలుగుతున్నాడంటే, ఆ సౌలభ్యం వెనుక పర్లాకిమిడి బడిపంతులుగారి చెమట కలదు.

పంతులుగారికి తమ వృత్తి సంపద తెచ్చిపెట్టలేదు, ఆరోగ్యాన్ని హరించినది, పండితుల పరిహాసాలకు గురిచేసినది. అయినా వారు సాధించిన కార్యాలలో ఏది చూచినా అది తరగతి గదిలో మొలకెత్తినదే. చరిత్ర పాఠం కోసం శాసనాలు చదివారు. బడి లేని పిల్లల కోసం సవర నేర్చారు. అర్థంకాని భాషతో అవస్థపడే విద్యార్థుల కోసం పండితులతో తలపడ్డారు. ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశింపదలచిన యువకులు, ప్రవేశించి నిరుత్సాహపడుతున్నవారు ఈ జీవితాన్ని ఒక్కసారి స్మరింతురుగాక. బతకలేక బడిపంతులు అన్న లోకానికి, గిడుగువారు డెబ్బదియారేళ్లు బ్రతికి, బడిపంతులుగానే బ్రతికి, సమాధానం చెప్పారు.