రెండు వేళ్లు కాలిపోయాయి.. అయినా గిటార్ వదల్లేదు! జాజ్ ప్రపంచాన్ని ఊపేసిన జాంగో కథ ఇదీ

జనం ముందు గిటార్ వాయించాలంటే వేళ్లన్నీ బాగున్నవాళ్లకే చేతులు వణుకుతాయి. మరి ఎడమ చేతిలో రెండు వేళ్లు కాలి ముడుచుకుపోతే? అదీ 18 ఏళ్ల వయసులో, అప్పుడప్పుడే పేరొస్తున్న టైమ్‌లో! ఇంకొకరైతే గిటార్‌ను అటకెక్కించేసేవారేమో. జాంగో రైన్‌హార్ట్ మాత్రం ఓనమాల నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.

బడికి దూరం.. బాంజోకి దగ్గర

1910 జనవరి 23న బెల్జియంలోని లిబర్షీలో ఓ సంచార రొమానీ కుటుంబంలో జాంగో పుట్టాడు. ఊరూరా తిరిగే బండే వాళ్ల ఇల్లు. తర్వాత పారిస్ శివార్లలోని రొమానీ మకాంలలో పెరిగాడు. చదువు అబ్బలేదు. 12 ఏళ్లప్పుడు చేతికి ఓ బాంజో గిటార్ వచ్చింది. కూర్చోబెట్టి నేర్పే మాస్టారు ఎవరూ లేరు. పెద్దవాళ్లు వాయిస్తుంటే వేళ్లు ఎక్కడ పెడుతున్నారో చూడటం, వచ్చేదాకా సాధన చేయడం.. ఇదే అతడి స్కూల్. టీనేజ్‌లోనే పారిస్ డ్యాన్స్ హాళ్లలో అకార్డియన్ కళాకారుల పక్కన కూర్చుని డబ్బులు సంపాదించాడు. 1928లో తొలి రికార్డులు కూడా వచ్చేశాయి. తన పేరు ఎలా రాయాలో అతడికే తెలియకపోవడంతో లేబుల్ మీద అది తప్పుగానే అచ్చయింది. ఇంతలో ఇంగ్లండ్ బ్యాండ్ లీడర్ జాక్ హిల్టన్ నుంచి బంపర్ ఆఫర్ వచ్చింది.

కట్ చేస్తే.. ఆ రాత్రి మంటలు

1928 నవంబర్ 2. ప్రోగ్రామ్ ముగించుకుని అర్ధరాత్రి దాటాక జాంగో తన బండికి చేరాడు. లోపల భార్య బెల్లా అమ్మకానికి చేసిన సెల్యులాయిడ్ పూలు కుప్పగా ఉన్నాయి. కొవ్వొత్తి మంట వాటికి అంటుకుంది. క్షణాల్లో బండి మొత్తం నిప్పుల గుండం! ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు గానీ జాంగో శరీరం కుడివైపు, ఎడమ చెయ్యి బాగా కాలిపోయాయి. కాలు తీసేయాలని డాక్టర్లు అంటే అతడు ససేమిరా అన్నాడు. కాలు దక్కింది. ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు మాత్రం వంగిపోయి బిగుసుకుపోయాయి. గిటార్‌లో తీగలు నొక్కేది ఆ చేతితోనే. హిల్టన్ ఆఫర్ అక్కడితో ఆగిపోయింది.

మంచం మీదే మళ్లీ మొదలు

తమ్ముడు జోసెఫ్ ఓ గిటార్ తెచ్చి ఇచ్చాడు. దాంతో జాంగో తన పద్ధతి మొత్తం మార్చేశాడు. మామూలుగా అయితే నాలుగు వేళ్లు పరిచి ఒకే చోట తీగలన్నీ అందుకుంటారు. అతడికి అంత వెసులుబాటు లేదు. అందుకే చూపుడు వేలు, మధ్య వేలితోనే గిటార్ మెడ పొడవునా పైకీ కిందికీ పరుగులు తీయడం అలవాటు చేసుకున్నాడు. కదలని ఆ రెండు వేళ్లను కూడా వదల్లేదు. కార్డ్స్ పట్టేటప్పుడు సన్న తీగల మీద వాటిని ఆనించడం నేర్చుకున్నాడు. కోలుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ తర్వాత వెంటనే పెద్ద స్టేజ్ ఏమీ దొరకలేదు. కెఫేల్లో, వీధుల్లో వాయించాడు. అప్పుడే పెయింటర్ ఎమీల్ సావిత్రీ దగ్గర లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులు విన్నాడు. ఇక జాజ్ మీద పిచ్చి పట్టుకుంది.

డ్రమ్స్ లేని బ్యాండ్

1934లో వయొలినిస్ట్ స్టెఫాన్ గ్రాపెల్లితో కలిసి పారిస్‌లో ఓ క్వింటెట్ మొదలైంది. ఒక వయొలిన్, మూడు గిటార్లు, ఒక బాస్.. అంతే. డ్రమ్స్ లేవు, బాకాలు లేవు. అయినా యూరప్ ఊగిపోయింది.

1939లో యుద్ధం మొదలయ్యేసరికి బృందం లండన్‌లో ఉంది. గ్రాపెల్లి అక్కడే ఉండిపోతే, జాంగో పారిస్ వచ్చేశాడు. నాజీలు రొమానీలను లక్షల్లో చంపేస్తున్న రోజులవి. 1943లో స్విట్జర్లాండ్ పారిపోబోయి దొరికిపోయినా ప్రాణాలతో బయటపడ్డాడు. అతడి ఫేమస్ ట్యూన్ ‘న్యూఆజ్’, అంటే మేఘాలు, 1940లో ఆక్రమణలో ఉన్న పారిస్‌లోనే రికార్డయింది. 1946లో డ్యూక్ ఎల్లింగ్టన్‌తో అమెరికా టూర్ చేసి న్యూయార్క్ కార్నెగీ హాల్‌లోనూ వాయించాడు. సంగీతం చదవడం, రాయడం అతడికి చివరిదాకా రాలేదు. అంతా చెవితో పట్టిందే.

1953 మే 16న మెదడులో రక్తస్రావంతో జాంగో కన్నుమూశాడు. అప్పటికి వయసు 43 ఏళ్లే.

మరో విషయం.. అతడు పోయాక పన్నెండేళ్లకు ఇంగ్లండ్‌లో ఓ కుర్రాడి వేళ్ల కొనలు ఫ్యాక్టరీ మెషీన్‌లో తెగిపోయాయి. గిటార్ మీద ఆశ వదిలేసుకున్న అతడికి ఫ్యాక్టరీ మేనేజర్ జాంగో రికార్డు వినిపించి, ఇది రెండు వేళ్లతో వాయించిందని చెప్పాడు. ఆ కుర్రాడే టోనీ అయోమీ, బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్!