బళ్ళారి రాఘవ: నాటకాభ్యాసం

ప్రేక్షకునికి కనిపించేది ఒక్క రాత్రి నాటకం. దాని వెనుక నటుడు పడిన శ్రమ తెర చాటుననే ఉండిపోతుంది. తెలుగు నాట ఆ శ్రమకు గౌరవం తెచ్చినవారిలో బళ్ళారి రాఘవగారు ప్రథమగణ్యులు.

ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో జన్మించారు. ఆంధ్ర నాటక పితామహులని కీర్తిగన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు ఆయనకు మేనమామ. బళ్ళారి ఆనాడు మద్రాసు రాజధానిలో భాగం. అక్కడ ధర్మవరం వారి సరసవినోదినీ సభ ఒకవైపు, కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ మరొకవైపు నాటకకళను పోషించాయి. ఆ నాటకకర్తలిద్దరూ న్యాయవాదులే. రాఘవగారూ మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, బళ్ళారిలోనే వృత్తి చేపట్టి, పబ్లిక్ ప్రాసిక్యూటరుగా రాణించారు. నాటకం ఆయనకు జీవనోపాధి కాదు. కనుకనే జనం మెప్పుకోసం తన పద్ధతిని మార్చుకోవలసిన అగత్యం ఆయనకు కలుగలేదు.

ఆ కాలపు రంగస్థలం ఎలా ఉండేదో విద్యార్థులు తెలుసుకోవాలి. నటుడు తన పోర్షను రాసుకొని కంఠస్థం చేసేవాడు. హార్మోనియం శ్రుతిలో పద్యాన్ని సుదీర్ఘమైన రాగంతో ఎత్తుకునేవాడు. సభ వన్స్‌మోర్ అంటే చనిపోయిన పాత్ర కూడా లేచి మళ్ళీ పాడేది. తరువాత కంట్రాక్టు నాటకాలు వచ్చాయి. పేరున్న నటులను తలా ఒక ఊరినుంచి రప్పించి, వారు కలిసి అభ్యాసం చేయకుండానే తెర ఎత్తేవారు. ఒకే పాత్రను ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు పంచుకోవడం కూడా ఉండేది.

రాఘవగారు రాగాన్ని తగ్గించి మాటకు పట్టం కట్టారు. ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు. అభ్యాస విధానాన్నే మార్చే విషయం. పాటను ఎవరైనా తన ఇంట ఒంటరిగా సాధన చేసుకోవచ్చు. మాటకు మాత్రం ఎదుట మరొక మనిషి కావాలి. వినేవాని ముఖంలో కలిగే మార్పును బట్టి చెప్పేవాని స్వరం మారుతుంది. కనుక మాటను నమ్ముకున్న నటునికి పోర్షను చాలదు, నాటకమంతా కావాలి, తోడినటులూ కావాలి.

ఆయనకు పేరు తెచ్చిన హిరణ్యకశిపుని పాత్రనే చూడండి. గర్జించడం తేలిక. గర్జించేవాడు రాజే కాక తండ్రి కూడా అని చూపడం కష్టం. ఎదుట నిలిచిన ప్రహ్లాదుడు పద్యం ఎప్పుడు పూర్తవుతుందా అని కాచుకొని ఉంటే, ఆ తండ్రి మనసు సభకు ఎన్నటికీ తెలియదు. రామరాజు చరిత్రలోని పఠాను రుస్తుం, దుర్యోధనుడు, హరిశ్చంద్రుడు, షైలాకు, ఒథెల్లో — ఇన్ని భిన్న స్వభావాలను ఆయన ధరించి మెప్పించగలిగారు.

ఈ ఆలోచనే మరొక చిక్కును ముందుకు తెచ్చింది. స్త్రీ పాత్రలను పురుషులే ధరించే ఆచారం బలంగా ఉన్న రోజులవి. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని రాఘవగారు పట్టుబట్టారు. సంసార స్త్రీకి రంగస్థలం మీద ఒక రాత్రి కనిపించడం ఒక సాహసం. పరపురుషులతో కలిసి ఎన్నో సాయంకాలాలు అభ్యాసానికి కూర్చోవడం అంతకు మించిన సాహసం. లోకనిందకు జంకక కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు ముందుకు వచ్చారు. పి. వి. రాజమన్నారుగారి ‘తప్పెవరిది’ వంటి సాంఘిక నాటకాలు ఆ ధైర్యం వల్లనే సహజత్వంతో ప్రదర్శితమయ్యాయి.

1927లో గాంధీజీ సమక్షంలో రాఘవగారు ‘దీనబంధు కబీరు’ నాటకాన్ని హిందీలో ప్రదర్శించారు. 1928లో ఇంగ్లండు వెళ్ళి అక్కడి నాటకరంగాన్ని పరిశీలించి, బెర్నార్డ్ షాను కలుసుకున్నారు. ద్రౌపదీ మానసంరక్షణం (1936), రైతుబిడ్డ (1939), చండిక (1940) చిత్రాలలోనూ నటించారు. 1946 ఏప్రిల్ 16న కన్నుమూశారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి జన్మదినమైన ఆ తేదీనే నేడు తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

బళ్ళారి సీమను ఒరసి వచ్చే తుంగభద్ర మన అలంపురం దాటి కృష్ణలో కలుస్తుంది. ఆ రెండు నదుల నడుమనున్న నడిగడ్డలో, ఇటిక్యాల వంటి ఊళ్ళ పాఠశాలల్లో వార్షికోత్సవానికి నాటకం వేయించే ఉపాధ్యాయులు రాఘవగారి జీవితం నుంచి గ్రహించదగినది ఒకటి ఉంది. పిల్లలకు పోర్షన్లు విడివిడిగా పంచి ఊరుకోరాదు. అందరినీ చుట్టూ కూర్చోబెట్టి నాటకం మొత్తం చదివించాలి. ఒకరు మాట్లాడేటప్పుడు మిగిలినవారు వినడం నేర్పాలి. ఉత్సవానికి నాలుగు రోజుల ముందే వేషాలతో మరొక తరగతి ఎదుట ఆడించి, ఏ మాట వినబడలేదో, ఏ ఘట్టంలో చూసేవారి మనసు చెదిరిందో గమనించి దిద్దుకోవాలి. నటుడు కాబోయే విద్యార్థి వందమందిలో ఒక్కడు ఉండవచ్చు. ఎదుటివాని మాట వినడం నేర్చుకోవలసినవారు మాత్రం నూరుగురూ.